సమస్యాపూరణం: వెనుకంజయె వీరునకును విజయంబు గదా

యతిమతి:
అందరికీ నమస్కారం. పోయిన వారం దత్తపది (ఇచ్చిన మాటల్ని ఇరికించి పద్యం కట్టడం) పెట్టి అందర్నీ ఏడిపించానని తిట్టారు కాబట్టి ఈసారి కందమే, అదీ నాలుగో పాదం, అంటే సమస్య, నేనే ఇస్తున్నా, మీరు పై మూడు కట్టుకుంటే చాలు.

వెనుకంజయె వీరునకును విజయంబు గదా

ప్రాస న-కారం, మొదటి అక్షరం లఘువు (పొట్టిగా పలికేది). అంటే అన్ని పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి, రెండో అక్షరం ఒట్టి న గుణింతం కావాలి. "వెన్ను" అని మొదలుపెట్టాలని చేయి లాగుతుంది, లాగనివ్వకండి, అక్కడ ద్విత్వం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరం కుదరడం, ఇక్కడ వె-వి. వెనక్కి తగ్గడమే గెలుపు ఎలా అవుతుందో మీరు ఒప్పించాలి, అదే ఇందులో ముడి. పురాణం అయినా పర్లేదు, మీ వీధి చివర జరిగిందైనా పర్లేదు.

కాకినాడ కాజా:
మాస్టారూ ఇది చూడగానే కృష్ణుడే గుర్తొచ్చాడండి, ఆలోచించకుండా రాసేశా.

కనుచు జరాసంధు బలము
ననఘుడు మధురాపురమ్ము నటు విడిచెనహో
జనులన్ ద్వారక జేర్చెను
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

యతిమతి:
బోణీ బాగుంది. గణాలు సరిపోయాయి, "బలము ననఘుడు" అని పాదం దాటించి సంధి కలపడం కూడా శుభ్రంగా ఉంది. ఒక్క విషయం కథలో. భాగవతం దశమస్కంధం ప్రకారం జరాసంధుడు 17 సార్లు దండెత్తి 17 సార్లూ ఓడిపోయాడు, ఆ తర్వాత అటు కాలయవనుడు మీద పడ్డాడు, ఇటు జరాసంధుడు మళ్ళీ వస్తాడని తెలుసు, రెండు పక్కలా పోరు పడితే ఊళ్ళో జనం నలిగిపోతారని అప్పుడు వాళ్ళని సముద్రంలో కట్టిన ద్వారకకి చేర్చాడు. కాబట్టి జనాన్ని తరలించడానికి అసలు తొందరపెట్టింది కాలయవనుడు. మీ పద్యం తప్పని అనను గానీ సగం కథ దాచింది. తర్వాత కృష్ణుడు ఆయుధం లేకుండా పరిగెత్తి వాణ్ణి ముచుకుందుడు నిద్రపోతున్న గుహ దాకా లాక్కుపోయాడు, అది ఇంకా మంచి వెనుకంజ.

కాకినాడ కాజా:
అవునండి, కాలయవనుణ్ణి కందంలో ఇరికించలేక వదిలేశా :) గుజరాత్‌లో డాకోర్ గుడిలో స్వామి పేరే రణఛోడ్‌రాయ్ అట కదా, యుద్ధం వదిలిపెట్టి పోయినవాడని. మా ఆఫీసులో ఒక గుజరాతీ ఆయన పిల్లాడికి అదే పేరు. మనం పలాయనం అని తిట్టేదాన్ని వాళ్ళు పేరుగా పెట్టుకున్నారు చూడండి.

బెంగళూరు తెలుగోడు:
ఒక డౌట్ అండి, పద్యం తర్వాత రాస్తా. ఈ "అంజ" ఏంటి? ఇక్కడ కన్నడలో అంజు అంటే భయపడటం, అంజికె అంటే భయం. నేను చిన్నప్పట్నుంచీ వెనుకంజ అంటే భయపడి వెనక్కి పోవడం అనే అనుకుంటున్నా. అదే అయితే భయపడితే గెలుపు ఎలా వస్తుంది అసలు?

యతిమతి:
చాలామందికి ఉన్న అపోహే ఇది. తెలుగులో అంజ అంటే అడుగు. వెనుక + అంజ వెనుకంజ, ముందు + అంజ ముందంజ. మీ లెక్కన ముందంజ అంటే ముందున్న భయం అవ్వాలి, "ఐటీలో హైదరాబాద్ ముందంజ" అంటే హైదరాబాద్ ముందుగా భయపడిందని అర్థం వస్తుంది. అంజ అనే మాట విడిగా వాడటం పోయింది, ఈ రెండు జంటల్లోనే బతికి ఉంది. అందుకే "వెనుకంజ వేశాడు" అంటాం, అడుగు వేసినట్టే వేస్తాం. భయం ఉండొచ్చు ఉండకపోవచ్చు, ఆ మాటలో మాత్రం లేదు.

నాకు ఈ మాట ఇష్టం ఎందుకంటే, వెనుకంజ వేసేవాడి మొహం ఇంకా ముందుకే ఉంటుంది. కాలు ఒక్కటే వెనక్కి పోయింది. వెన్ను చూపడం వేరు, అక్కడ మనిషి తిరిగిపోయాడు. పాత కావ్యాల్లో వెన్నిచ్చి పాఱు అంటారే, అది పూర్తిగా పారిపోవడం. ఈ తేడా పట్టుకుంటే సమస్య సగం తీరిపోతుందని నా అభిప్రాయం.

కొత్త లఘువు:
అందరికీ హాయ్, ఇది నా మూడో పద్యం లైఫ్‌లో, తప్పులుంటే తిట్టకండి ప్లీజ్. మా బడిలో తాడు లాగే పోటీ ఉండేది, అందులో వెనక్కి వెళ్ళినోళ్ళే కదా గెలిచేది అని ఐడియా వచ్చింది.

తన జట్టు తాడు లాగుచు
వెనుకకు వెనుకకు జరిగియు గెలిచెను పోటీ
కనుడీ పందెము నందున
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

లెక్కల మేడమ్:
ఐడియాకి నూటికి నూరు. ఇంతమంది పెద్దాళ్ళం పురాణాలు తిరగేస్తుంటే నువ్వు బడి గ్రౌండులో పట్టుకున్నావు.

యతిమతి:
తమ్ముడూ, ఊహ నిజంగా బాగుంది, ఆ ఆటలో వెన్ను చూపే వీలే లేదు, తాడు చేతిలో ఉన్నంతసేపూ ఎదుటివాడినే చూస్తూ వెనక్కి పోవాలి, నేను పైన చెప్పింది అదే. గణాలు కూడా అన్నీ పడ్డాయి, మూడో పద్యానికే ఇది ఎక్కువ. కానీ రెండో పాదం యతి తప్పింది. "వె" కి నాలుగో గణం మొదట "గె" వచ్చింది, అచ్చు కుదిరింది కానీ హల్లు కుదరాలిగా. ఇలా మార్చు:

వెనుకకు వెనుకకు జరుగుచు వేడుక గెలిచెన్

కొత్త లఘువు:
అయ్యో ఎ, ఎ ఒకటే కదా సరిపోతుందనుకున్నా సార్. థాంక్యూ. వేడుక అంటే పెళ్ళి ఫంక్షన్ కదా, ఇక్కడ ఓకేనా?

యతిమతి:
వేడుకగా అంటే సరదాగా, ఉత్సాహంగా అని. ఫంక్షన్ అర్థం తర్వాత బలపడింది.

డల్లాస్ బాబాయి:
నాదీ వేసుకోండి.

వినుమా యాలితొ వాదము
మునుపెవ్వరు గెలువలేదు మూర్ఖులు తప్పన్
పనిగల దంచును జారెడి
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

యతిమతి:
ఈ జోకు ఏ సమస్య ఇచ్చినా ఎవరో ఒకరు తెస్తారు, ఈసారి మీ వంతన్నమాట బాబాయి గారూ. అయినా "మూర్ఖులు తప్పన్" దగ్గర నవ్వొచ్చింది, ఒప్పుకోవాలి. "ఆలితొ" అని తో ని కుదించడం మాత్రం కుదరదు, "వినుమాలితోడ వాదము" అనండి, రెండో గణం జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, సరి గణం కాబట్టి దోషం లేదు.

గట్టుమీద:
జారుకోవడం కూడా వెనుకంజేనా? మీ లెక్క ప్రకారం మొహం ముందుకే ఉండాలి కదా మాస్టారూ. బాబాయి గారు పనుందని వెన్ను చూపిస్తున్నారు :)

డల్లాస్ బాబాయి:
అమ్మా, మా ఇంట్లో వెన్ను చూపిస్తే వెనకనుంచి ఏదోటి వచ్చి తగుల్తుంది, అందుకని మొహం అటే పెట్టి తలుపు దాకా వెనక్కే నడుస్తా.

సీరియస్‌గా ఒక మాట. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి మే 26 మొదలు జూన్ 4 దాకా 3,38,000 మందికి పైగా సైనికుల్ని సముద్రం దాటించారు, ఇంగ్లండ్‌లో అదొక పెద్ద గెలుపులా సంబరపడ్డారు, కానీ అదే జూన్ 4న చర్చిల్ పార్లమెంటులో ఇలాంటి తరలింపులతో యుద్ధాలు గెలవలేమని చెప్పాడు. మరి మన సమస్య తప్పనే కదా?

యతిమతి:
చర్చిల్ చెప్పింది నిజమే, అదే మాటల్లో అంతమంది బయటపడటం వెనక గెలుపుందని కూడా అన్నాడాయన. సమస్య ఎప్పుడూ సగం అబద్ధంగానే ఉంటుంది బాబాయి గారూ, పూరించేవాడు దాన్ని నిజం చెయ్యాలి, లేకపోతే ఇక మనకి పనేముంది.

మాజీ డెస్కు:
నేను ముప్పై ఏళ్ళు పేపర్లో కూర్చున్నవాణ్ణి, నా ఏడుపు ఒకటి ఇక్కడ చెప్పుకుంటా. ఎన్నికల కౌంటింగ్ రోజు "ఫలానా ఆయన వెనుకంజ" అని మేమే వేసి వేసి ఆ మాటని చంపేశాం. కౌంటింగ్‌లో ఎవడూ వెనక్కి అడుగు వెయ్యడు సార్! రౌండు రౌండుకీ ఎవడి ఓట్లైనా పెరగడమే కానీ తగ్గడం ఉండదు. అందరూ ముందుకే పోతున్నారు, ఒకడు మెల్లగా పోతున్నాడు అంతే. దానికి "వెనుకబడ్డారు" అని మంచి మాట ఉండగా హెడ్డింగులో ముందంజకి జోడీ కావాలని వెనుకంజ అన్నాం, అక్షరాలు కూడా తక్కువ, కాలమ్‌లో పడుతుంది.

ఓరుగల్లు:
గట్ల అనుకుంటె ఎట్ల అన్నా, జనం వాడితె అదే అర్థం అయితది. ఇప్పుడు మా పిల్లలకు వెనుకంజ అంటె టీవీల ఎర్ర రంగు నంబరే యాదికొస్తది. మా దిక్కు మాటల్ల ఐతె అసలు వెనుకంజ అననే అనం, ఎన్కకు తగ్గుడు అంటం. పేపర్లనే సూసినం ఆ మాట.

మాజీ డెస్కు:
తమ్ముడూ నువ్వన్నదీ నిజమే, వాడుకని ఆపలేం. కానీ ఒకే మాటకి రెండు పనులు పెడితే ఇదిగో ఇలాంటి సమస్యే కుదరదు. కౌంటింగ్ అర్థంలో ఈ పాదం చదివి చూడు, వెనకబడటమే గెలుపు అంటే డిపాజిట్ పోయినోడు కూడా ఒప్పుకోడు.

ఓరుగల్లు:
హహ గది కరెక్టే. సరే నాది సూడుండ్రి, కబడ్డి మీద.

పెను కూతతోడ నురికెను
కనువిందుగ తాకి నొకని గడిలో, మరలెన్
తన గీతను దాటి నిలిచె
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

కూతకు పోయినోడు ఎంతమందిని ముట్టినా గీత దాటి ఎన్కకు రాకపోతె ఔటే కదా. అవతలి గడిల ఉన్నంతసేపు వాడు గెల్వలే, మల్లొచ్చినంకనే పాయింటు.

యతిమతి:
చాలా బాగుంది ఓరుగల్లు గారూ. మల్లి రావడమే ఆటలో అసలు పనని చెప్పారు, ఇదివరకు ఎవరూ ఇటు పోలేదు. ఒక్క సవరణ, "తాకి నొకని" కాదు "తాకి యొకని". తాకి అనేది క్త్వార్థం (చేసి, వెళ్ళి లాంటి రూపం), దాని చివర ద్రుతం (న-కారం) ఉండదు, సంధీ జరగదు, యడాగమమే, అంటే మధ్యలో య-కారమే వస్తుంది. లఘువు లఘువే కాబట్టి గణం మారదు. యతి క-గ సరిపోయింది.

లెక్కల మేడమ్:
కబడ్డీ చదివాక నా అభిమన్యుడు ఇంకా బాగా అతుకుతాడనిపిస్తోంది, ఆయనకి కూత తెలుసు, గీత దాటి రావడం తెలీదు.

చని పద్మవ్యూహములో
తన దారిని మరలి రాక తనువును వీడెన్
మన యభిమన్యుడు, నేర్వని
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

యతిమతి:
మేడమ్, మూడో పాదం నుంచి నాలుగోదానికి జారిన తీరు అద్భుతం. "అభిమన్యుడు నేర్వని వెనుకంజయె" అన్నప్పుడు ఆ సమస్య మీ వాక్యంలో భాగమైపోయింది, అతికించినట్టు లేదు. పైన వచ్చిన కొన్ని పూరణల్లో మూడు పాదాలు ఒక పక్క, సమస్య ఒక పక్క నిలబడ్డాయి, మధ్యలో మనమే అర్థం చెప్పుకోవాల్సి వస్తోంది. రెండో పాదం ఒక్కటి బలహీనం. "మరలి రాక" అంటే రావడం ఇష్టం లేక రాలేదేమో అనిపిస్తుంది, దారి తెలీక అనే బాధ రావాలి. నా సూచన:

వెనుదిరిగెడు దారి లేక వీడెను తనువున్

లెక్కల మేడమ్:
తీసుకున్నాను. కానీ "లేక" కూడా పూర్తిగా కాదు కదా, దారి ఉంది, ఆయనకి తెలీదు. "తెలియక" పెడదామని గంట కుస్తీ పట్టాను, ఆరో గణం దగ్గర కూలిపోతోంది.

యతిమతి:
నిజమే. కందం అంతే, మనకి కావాల్సిన మాటని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

బెంగళూరు తెలుగోడు:
నా వంతు. మహాభారతం లోనే ఇంకో వెనక్కి తీయడం ఉంది, సౌప్తికపర్వం.

తన యస్త్రము గురుసూనుడు
వెనుదీయగ లేక చెడెను, విజయుడు దీసెన్
కనుమా యది యుపసంహృతి
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

వ్యాసుడు నారదుడు మధ్యలో నిలబడి ఇద్దర్నీ అస్త్రాలు వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామకి ప్రయోగించడమే వచ్చు, ఉపసంహారం రాదు, చివరికి ఉత్తర గర్భం మీదకి వదిలాడు. విజయుడు, విజయంబు ఆ శ్లేష కావాలనే పెట్టా :)

కాకినాడ కాజా:
అదిరింది. అంజ అంటే ఏంటని అడిగినాయనేనా ఇది రాసింది!

మాజీ డెస్కు:
శ్లేష బాగుంది గానీ ఉపసంహృతి, వెనుకంజ ఒకటెలా అవుతాయి? వెనుకంజలో వెనక్కి పోయేది మన కాలు. ఉపసంహరణలో వెనక్కి వచ్చేది మనం వదిలిన వస్తువు. అర్జునుడు ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదక్కడ, బాణాన్ని పిలిచాడంతే. నామినేషన్ ఉపసంహరణ, కేసు ఉపసంహరణ, అన్నీ అలాంటివే, ముందు నువ్వు వేసుండాలి, తర్వాతే తీసుకోవాలి. డెస్కులో కొత్త పిల్లలకి ఇంకో తేడా కూడా చెప్పేవాణ్ణి. 2016 నవంబర్ 8న చేసింది పాత 500, 1000 నోట్ల రద్దు, తెల్లారేసరికి అవి చెల్లవు. అదే 2023 మే 19న రిజర్వ్ బ్యాంకు 2000 నోటుకి చేసింది ఉపసంహరణ, చలామణీ నుంచి వెనక్కి పిలిచింది కానీ చెల్లదని అనలేదు. చాలా చోట్ల రెండిటికీ రద్దనే రాసేశారు, చదివి జనం కంగారుపడ్డారు.

బెంగళూరు తెలుగోడు:
ఇది ఆలోచించలేదు సార్. మరి తిరోగమనం?

మాజీ డెస్కు:
దాన్ని నేను ఎడిటోరియల్ మాట అంటా. దేశం తిరోగమిస్తోంది అని రాస్తారు కానీ "బస్సు తిరోగమించింది" అని ఎవడూ అనడు, వెనక్కి పోయింది అంటాం. తిరస్ అనేదానికి మరుగవ్వడం అనే అర్థం ఉంది, తిరోధానం చూడండి. వెనక్కి పోవడం అనే అర్థం మనం బాగా వాడుకున్న కొద్దీ స్థిరపడింది.

యతిమతి:
డెస్కు గారి మాటకి నేను ఒప్పుకుంటున్నా, కానీ పద్యానికి కొంత వెసులుబాటు ఇవ్వండి. అస్త్రం వెనక్కి తీసినవాడు పంతం కూడా ఒక అడుగు వెనక్కి తీసినట్టే కదా. కాకపోతే "కనుమా యది" అన్నచోట అతుకు కనిపిస్తోంది, మేడమ్ గారి పద్యంలో లాగా జారలేదు.

గట్టుమీద:
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా, వంట అయ్యాక రాస్తున్నా. మాది గోదావరి పక్క, మా ఇంట్లో అత్తయ్య మొన్నటి దాకా నాట్లకి వెళ్ళింది. మీరంతా యుద్ధాల్లో వెతుకుతుంటే నాకు మా చేను కనబడింది. నాట్లేసే ఆడవాళ్ళు మునుం (నాటే వరస) పట్టాక అడుగు ముందుకి వెయ్యరు, వేస్తే నాటింది తొక్కేస్తారు, వంగిన నడుం ఎత్తకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ పోతారు, ముందంతా పచ్చబడుతూ ఉంటుంది, వెనక గట్టు తగిలితే ఆ మడి అయిపోయినట్టు.

వనితలు నారును నాటుచు
పని సాగగ బురదలోన పచ్చన విరియన్
మనకుం గూడిడు తల్లుల
వెనుకంజయె వీరునకును విజయంబు గదా

కాకినాడ కాజా:
అమ్మ బాబోయ్.

లెక్కల మేడమ్:
నా అభిమన్యుణ్ణి వెనక్కి తీసుకుంటున్నా. ఉపసంహరణ, వెనుకంజ కాదు :)

ఓరుగల్లు:
అక్కా మస్తున్నది. మా అమ్మ గూడ నాట్లేసింది, గట్లనే ఎన్కకు నడుసుడు. ఒక్కనాడు గూడ పద్యమైతదని అనుకోలె.

యతిమతి:
పద్యంలో దోషం వెతకాలని రెండు సార్లు చదివా. గణాలు సరి, ప-ప యతి సరి, "మనకుం గూడిడు" సంధి సరి. ఒక్క ప్రశ్న, వనితలు, తల్లులు అని చెప్పి చివర "వీరునకును" అని పుంలింగం వచ్చింది. వెనుకంజ వేసింది వీళ్ళు, గెలుపు ఎవడికో పోయింది. ఇది అన్వయదోషం (మాటల పొందిక తప్పడం) కాదా?

గట్టుమీద:
సమస్య మీరిచ్చిందేగా మాస్టారూ, వీరుణ్ణి పెట్టింది మీరు :) కానీ నేను కావాలనే అలా వదిలా. ఎక్కడో సరిహద్దులో నిలబడ్డవాడు తిన్న ముద్ద వీళ్ళు వెనక్కి నడిస్తే వచ్చింది. వాడు ముందుకి పోగలిగాడంటే వీళ్ళు వెనక్కి పోయారు కాబట్టి. అడుగు ఒకళ్ళది, పేరు ఇంకొకళ్ళది, మా ఊళ్ళో ఎప్పుడూ అంతేగా.

మాజీ డెస్కు:
మాస్టారూ, ఇక మీరు ఒక అడుగు వెయ్యాలి, ఎటో చెప్పక్కర్లేదు.

యతిమతి:
వేశాను, మొహం అటే పెట్టి. అన్వయదోషం అన్న మాట ఉపసంహరించుకుంటున్నా. డెస్కు గారూ, మాట సరిగ్గానే వాడానా?

ఈ వారం పూరణల్లో గట్టుమీద గారిదే మొదటిది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. ఆనవాయితీ ప్రకారం వచ్చే వారం సమస్య ఆవిడే ఇస్తారు.

గట్టుమీద:
అయితే చేను దగ్గరే ఉంటా. తేటగీతి పాదం.

ముందు నడిచెడివాడెపో మూర్ఖుడనగ

కొత్త లఘువు:
తేటగీతికి ప్రాస అక్కర్లేదు కదా సార్? హమ్మయ్య. యతి మాత్రం ఈసారి హల్లు కూడా చూసుకుంటా.